ధర్మార్థ ప్రదర్శనకు యజమాని ఎవరు?



శృంగవరపుకోటకు చేరువలోని పుణ్యగిరి క్షేత్రంలో మహాశివరాత్రి తీర్థం ఉత్తరాంధ్ర భక్తులకు సుపరిచితం. కొండధారలలో స్నానం, ఉమాకోటిలింగేశ్వరస్వామి దర్శనం, రాత్రి జాగరణ అక్కడి క్రమం. జాగరణ అన్నచోట కథ ఉంటుంది, గానం ఉంటుంది. శివరాత్రికే కాదు, శ్రీరామనవమి పందిళ్లలోను, దేవీనవరాత్రులలోను ఈ ప్రాంతపు గ్రామాలు హరికథను, బుర్రకథను, తప్పెటగుళ్లను, సన్నాయిమేళాన్ని ఆదరించినవి. ఇటీవలి కాలంలో ఈ ప్రదర్శనలకు మరొక ప్రయోజనం కూడా తోడైనది. అన్నదాననిధి కోసం, ఆలయ జీర్ణోద్ధరణ కోసం, రోగపీడితుని చికిత్స కోసం, తుపాను బాధితుల సహాయం కోసం కళాప్రదర్శనలు ఏర్పాటు చేయడం పరిపాటి అయినది. కళ పరోపకారానికి వినియోగపడటం శ్లాఘ్యమే. అందులో సందేహం లేదు.

సందేహం మరొకచోట ఉన్నది. అటువంటి కార్యక్రమం ముగిసిన మరునాడు ఉత్సవసంఘం వారి లెక్కల పుస్తకం తెరిస్తే అది కనిపిస్తుంది. షామియానా అద్దె చెల్లించబడినది. మైకుసెట్టు వారికి, దీపాలంకరణ వారికి సొమ్ము ముట్టినది. కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సు బాకీ తీరినది. బియ్యం, పప్పు ఇచ్చిన కిరాణా దుకాణానికి చెల్లు అయినది. వంటవారికి కూలి అందినది. మూడు గంటలపాటు గొంతు ఎండేలా కథ చెప్పి, జనాన్ని కూర్చోబెట్టి, హుండీ నిండటానికి కారణమైన భాగవతారుకు మాత్రం ఒక శాలువా కప్పి, “ధర్మకార్యం కదా, మీకు పుణ్యం వస్తుంది” అని చెప్పి పంపివేస్తారు. ఆ పుణ్యం షామియానా వానికి అక్కరలేదా? అతనికి సొమ్ము, ఇతనికి పుణ్యం అని విభాగించిన శాస్త్రం ఏది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసినది లౌకికన్యాయంలో మాత్రమే కాదు. యజ్ఞమీమాంసలో దీనికి స్పష్టమైన నిర్ణయం ఉన్నది. నలుగురు కూడి నలుగురి మేలు కోసం చేసే ప్రతి సత్కార్యాన్నీ యజ్ఞమని పెద్దలు వ్యవహరించారు. కనుక ధర్మార్థ ప్రదర్శనను కూడా యజ్ఞదృష్టితోనే పరిశీలించడం సముచితం.

దక్షిణ దానం కాదు

శ్రౌతయజ్ఞంలో రెండు పాత్రలు వేరువేరు. యజమాని సంకల్పం చేస్తాడు, ద్రవ్యం సమకూరుస్తాడు, ఫలానికి అధికారి అవుతాడు. ఋత్విజుడు తన విద్యతో కర్మను నిర్వహిస్తాడు. అతనికి యజ్ఞఫలంలో భాగం లేదు, దక్షిణ ఉన్నది. ఈ దక్షిణ యజమాని దయతో ఇచ్చే దానమని సామాన్యులు తలుస్తారు. జైమినిమహర్షి సంప్రదాయంలోని మీమాంసకులు అలా అంగీకరించలేదు. వారి దృష్టిలో దక్షిణ పరిక్రయద్రవ్యం, అనగా ఋత్విజుని శ్రమను యజమాని తనదిగా చేసుకొనడానికి చెల్లించే మూల్యం. ఇతరులు చేసిన కర్మ యొక్క ఫలం యజమానికి ఎలా చెందుతుంది అనే శంకకు వారి సమాధానం ఈ పరిక్రయమే. మూల్యం చెల్లించినందువల్లనే ఆ కర్మ అతనిది అయినది.

ఈ సూక్ష్మాన్ని ఉత్సవసంఘాలకు అన్వయించి చూడాలి. కళాకారునికి దక్షిణ ఇవ్వని సంఘానికి అతని కళవల్ల కలిగిన పుణ్యం మీద అధికారం ఎక్కడిది? పరిక్రయం లేనిచోట కర్మ తమది కాలేదు. సేకరించిన నిధి దీనులకు చేరితే దీనుల ఆకలి తీరుతుంది, అది నిజం. కాని “మేము చేశాము” అని చెప్పుకొనే హక్కు ఆ సంఘానికి సిద్ధించదు. దక్షిణ లేని యజ్ఞాన్ని గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో తామసయజ్ఞ లక్షణాలలో చేర్చి చెప్పాడు. దీని అర్థం పురోహితుల జీవిక రక్షణ మాత్రమే కాదు. ఒకరి విద్యను ఉపయోగించుకొని, వారి శ్రమను గుర్తించకుండా, ఫలాన్ని మాత్రం ఆశించే బుద్ధికి అది నిషేధం.

సత్రయాగంలోని భేదం

అయితే దక్షిణ లేకుండా జరిగే మహాయాగాలు వేదంలో లేవా? ఉన్నవి. వాటిని సత్రాలు అంటారు. పదిహేడుమందికి తక్కువ కాకుండా, ఇరవైనలుగురికి మించకుండా దీక్షితులు కూడి సత్రం చేస్తారు. అందులో ఋత్విజులే యజమానులు. ఒకరు మరొకరిని వినియోగించుకొనడం లేదు కనుక దక్షిణ లేదు. ఫలం ప్రతి ఒక్కరికీ సంపూర్ణంగా చెందుతుంది. ద్వాదశాహమనే పన్నెండుదినాల యాగం ఈ భేదానికి చక్కని దృష్టాంతం. అది అహీనరూపంలో జరిగితే దక్షిణ ఉన్నది, సత్రరూపంలో జరిగితే లేదు. యజమాని ఎవరు అన్నదానిమీదనే నిర్ణయం ఆధారపడుతుంది.

ధర్మార్థ ప్రదర్శనలలోను ఈ రెండు విధాలు ఉన్నవి. కళాకారులు తామే సంకల్పించి, తామే కూడి, తమ విద్యను ఆర్తుల కోసం వినియోగిస్తే అది సత్రం. తెలుగుదేశం అటువంటి సత్రాలను చూచినది. 1952లో రాయలసీమ క్షామంతో అలమటించినప్పుడు నందమూరి తారక రామారావు మొదలైన నటులు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు ఆయనే అక్కినేని నాగేశ్వరరావు ప్రభృతులతో కలిసి వీధులలో జోలె పట్టారు. రాజవేషాలు ధరించి కోట్లమంది మనస్సులలో నిలిచినవారు భిక్షుకుల వలె చేయి చాపారు. ఆ చేయి చాపమని వారిని ఎవరూ నిర్బంధించలేదు.

ఉత్తరాంధ్రకు మరింత సమీపమైన ఉదాహరణ హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12న అది విశాఖతీరాన్ని తాకి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా అతలాకుతలం చేసినది. వృక్షాలు కూలినవి, తోటలు నేలమట్టమైనవి, రోజుల తరబడి విద్యుత్తు లేదు. ఆ సంవత్సరమే నవంబరు 30న తెలుగు చలనచిత్రరంగం వారు ‘మేము సైతం’ అనే పేరుతో హైదరాబాదులో నిధిసేకరణ కార్యక్రమం నిర్వహించారు. నటులు, గాయకులు, నర్తకులు అందులో పాల్గొన్నారు. వారిలో కీర్తికాంక్ష లేశమైనా లేదా అని ప్రశ్నించేవారు ఉండవచ్చు. పరుల అంతఃకరణ పరిశోధన ఎవరి అధికారంలోనిదీ కాదు. దాత మనస్సు సాత్త్వికమా, రాజసమా అన్నది దాతకు, ఈశ్వరునికి మధ్య విషయం. పైకప్పు ఎగిరిపోయిన ఇంటివానికి అందిన రేకు వానను ఆపుతుంది. దాత గుణభేదం రేకుకు అంటదు.

ఇక రెండవ విధం వేరు. సంఘం సంకల్పిస్తుంది, సంఘం ఆహ్వానిస్తుంది, కరపత్రంలో సంఘం పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. అక్కడ యజమాని సంఘమే, కళాకారుడు ఋత్విజుడు. యజమాని స్థానంలో తాము కూర్చుండి, ఋత్విజుని మాత్రం సత్రనియమం పాటించమనడం న్యాయం కాదు. ప్రస్తుతపు దోషమంతా ఈ సాంకర్యంలో ఉన్నది.

ఇచ్చుటకు ముందు తనదై ఉండాలి

దానలక్షణాన్ని ధర్మశాస్త్రకారులు సూక్ష్మంగా నిర్వచించారు. ఒక ద్రవ్యం మీద తన స్వత్వాన్ని విడిచి, పరుని స్వత్వాన్ని కల్పించడం దానం. కనుక ఇవ్వడానికి ముందు అది తనదై ఉండాలి. చేతికి రాని పారితోషికాన్ని కళాకారుడు దానం చేశాడని ప్రకటించడం శాస్త్రదృష్టిలో దానమే కాదు. అది అడగకుండా పుచ్చుకొనడం.

స్వత్వం నుండి పుట్టిన దానానికి బెంగుళూరు నాగరత్నమ్మ ఉత్తమోదాహరణ. ఆమె తన గానవిద్యతో ఆర్జించిన ధనాన్ని, ఆభరణాలను వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమీద ఆలయాన్ని నిర్మింపజేసినది. 1925లో ఆ ఆలయానికి ప్రతిష్ఠ జరిగినది. ఆమెను ఎవరూ ఉచితంగా పాడి నిధి చేకూర్చమని నియోగించలేదు. ఆర్జించినది ఆమె, అర్పించినది ఆమె. రచయితలలో కందుకూరి వీరేశలింగం పంతులు 1906లో రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు. వారి సంస్కరణభావాలతో సంప్రదాయజ్ఞులకు అభిప్రాయభేదం ఉండవచ్చు, ఉన్నది. కాని కలంతోను, జీవితకాల పరిశ్రమతోను కూడబెట్టిన దానిని దిక్కులేనివారి కోసం విడిచిన ఆ త్యాగానికి నమస్కరించడంలో భేదం ఉండనవసరం లేదు.

విజయనగరానికి సంబంధించిన మరొక వృత్తాంతం ఇంతకంటె హృద్యం. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీతకళాశాలను స్థాపించారు. సంస్థానోద్యోగి ఒకరి అంధకుమారునికి సంగీతశిక్షణ లభించాలనే కోరిక దానికి బీజమైనదని ప్రసిద్ధి. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షులు. వారి అనంతరం 1936లో ఆ పదవిని అలంకరించినవారు వాయులీనవిద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు. నాయుడుగారు స్వయంగా దృష్టిమాంద్యంతో బాధపడినవారు. వారు 1952లో న్యూఢిల్లీలో అంధసహాయనిధి కోసం కచేరీ చేశారు. ఒక అంధబాలుని నిమిత్తంగా వెలసిన కళాశాల. చూపు మందగించిన ఆచార్యుడు. అంధుల కోసం మ్రోగిన వాయులీనం. అప్పటికి నాయుడుగారు సంగీతకళానిధి బిరుదు పొందిన మహావిద్వాంసులు. తన కచేరీకి ఎంత విలువ ఉన్నదో వారికి తెలుసు, లోకానికి తెలుసు. తెలిసి ఇచ్చినందువల్లనే అది దానమైనది.

రెండు ఆక్షేపణలు

దీనిమీద ఆస్తికులలోనే కొందరు రెండు ఆక్షేపణలు చేస్తారు. మొదటిది: కళ భగవద్దత్తం, దానిని విక్రయించడం తగదు, త్యాగరాజస్వామి రాజసంపదను తిరస్కరించలేదా అని. సత్యమే. కాని త్యాగయ్యగారు ఉంఛవృత్తితో జీవించారన్న మాటను కూడా అదే నోటితో చెప్పాలి. ఆయన హరినామం కీర్తిస్తూ వీధిలో నడిచినప్పుడు ఆ ఊరి గృహిణులు పాత్రలో బియ్యం వేశారు. విద్యను అమ్మని విద్వాంసుని వెనుక అతనిని పస్తు ఉంచని ఊరు ఒకటి ఉన్నది. విజయనగరమూ అటువంటిదే. కృష్ణాతీరం నుండి సంగీతం కోసం వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుకు పట్రాయని సీతారామశాస్త్రిగారు తమ ఇంట ఆశ్రయమిచ్చి విద్య నేర్పారు. ఆ బాలుడు మధూకరం చేసుకొని చదువుకొన్నాడు. జోలెలో అన్నం వేసిన ఆ తల్లుల పేర్లు ఏ చరిత్రలోను లేవు. వారు వేసిన ముద్దలలో నుండి ఎంతటి గానం ఉద్భవించినదో తెలుగువారందరికీ తెలుసు. శతపథబ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాలతోపాటు మనుష్యఋణాన్ని కూడా చెప్పినది. అన్నం పెట్టడం, ఆశ్రయమివ్వడం ద్వారా ఆ ఋణం తీరుతుంది. మధూకరం వేయడం మానివేసిన సమాజం విద్య ఉచితంగా కావాలనడం ఈ ఋణాన్ని ఎగవేయడమే.

రెండవ ఆక్షేపణ: కళాకారునికి ఇస్తే ఆర్తులకు చేరవలసిన సొమ్ము తగ్గదా అని. తగ్గుతుంది, షామియానా అద్దెవల్ల తగ్గినట్లే. సొమ్ము చాలకపోతే దీపాలంకరణ తగ్గించవచ్చు, శాలువాలు, జ్ఞాపికలు మానవచ్చు. కథ చెప్పేవాని అన్నం తగ్గించి మరొకని ఆకలి తీర్చడం ధర్మం కాజాలదు. స్వజనులు దుఃఖిస్తూ ఉండగా పరులకు ఇచ్చేవాని దానం మొదట తేనెవలె ఉండి పిదప విషమవుతుందని, అది ధర్మం కాదు, ధర్మానికి నకలు మాత్రమేనని మనువు హెచ్చరించాడు. భార్యాపిల్లలకు ఆధారమైన ఒక రాత్రి సంపాదనను ధర్మం పేరుతో అడిగి, కాదనలేని స్థితి కల్పించడం, అతనిచేత ఆ నకలు ధర్మాన్ని చేయించడమే. ఎందుకంటే గ్రామంలోని చిన్న కళాకారుడు నిరాకరించలేడు. కాదంటే వచ్చే ఏడు పిలుపు రాదు. పైగా భక్తి లేనివాడన్న అపవాదు వస్తుంది. క్లేశంతో ఇచ్చినది సాత్త్వికదానం కాదని గీత స్పష్టం చేసినది. అతనికి పుణ్యం కలిగిస్తున్నామనే మాట కూడా అందువల్ల నిలబడదు.

ఈ పద్ధతి కొనసాగితే జరిగేది ఊహించడం కష్టం కాదు. తండ్రి శాలువాలతో తిరిగి రావడం చూచిన కుమారుడు సన్నాయి పట్టడు, చిడతలు ముట్టడు. అప్పుడు ధర్మనిధి కోసం జనాన్ని కూర్చోబెట్టడానికి ధ్వనిముద్రికలు తప్ప మిగలవు.

గౌరవించే విధం ఎలా ఉండాలో తిరుమల తిరుపతి దేవస్థానం ఒకసారి చూపినది. కచేరీల ద్వారా లభించిన ధనాన్ని జీవితకాలం ధర్మకార్యాలకు ధారపోసిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారికి ఆర్థికంగా ఇబ్బంది కలిగిన కాలం ఒకటి వచ్చినది. దేవస్థానం ఆమె చేతిలో విరాళం పెట్టలేదు. బాలాజీ పంచరత్నమాల పేరిట అన్నమాచార్య సంకీర్తనాదులను ఆమెచేత పాడించి, ధ్వనిముద్రణ చేయించినది. ఆమె విద్యకు దక్షిణ లభించినది, భక్తులకు సంకీర్తనం లభించినది. ఎవరూ ఎవరి ముందూ తల వంచవలసిన అవసరం రాలేదు.

ఆచరణీయమైనది

కనుక ఉత్సవసంఘాలు పాటించవలసిన విధి కష్టమైనదేమీ కాదు. మొదట సంకల్పంలోనే యజమాని ఎవరో నిర్ణయించుకోవాలి. సంఘమే యజమాని అయితే కళాకారుని సంభావన ఎంతో ముందుగా మాట్లాడి, కార్యక్రమం జరిగిన రాత్రే తాంబూలంతో అతని చేతిలో పెట్టాలి. ఆ తరువాత విరాళమని అడగరాదు. అతడే స్వయంగా అందులో కొంత, లేక సర్వం, నిధికి సమర్పిస్తే చందాపుస్తకంలో ఇతర దాతల వరుసలో అతని పేరు, మొత్తం వ్రాయాలి. అప్పుడు అతడు దాత. అప్పుడు ఆ పుణ్యం నిజంగా అతనిది. చివరకు వసూలు ఎంత, వ్యయం ఎంత, ఆర్తులకు చేరినది ఎంత అన్న లెక్కను ఆలయకుడ్యం మీద అందరూ చదివేలా అంటించాలి.

కళాకారులకు కూడా విధి ఉన్నది. గురువు ఇచ్చిన విద్య, సమాజం పెట్టిన అన్నం, వాగ్దేవి అనుగ్రహం, ఈ మూడింటిలో ఏదీ తాను సృష్టించుకొన్నది కాదు. తైత్తిరీయోపనిషత్తు దానం చేసేవాడు శ్రద్ధతో పాటు లజ్జను, భయాన్ని కూడా కలిగి ఉండాలని బోధించినది. ఇచ్చేవానికి లజ్జ ఎందుకు? తాను పొందిన దానిలో ఎంత స్వల్పభాగం ఇస్తున్నాడో అతనికి తెలుసు కనుక. సమర్థుడైన కళాకారుడు ఏడాదికి ఒక్కసారైనా, ఎవరూ అడగకముందే, తన విద్యతో ఒక ఆర్తుని ఆదుకోవడం ఋణవిమోచనం. దానికి చిత్రపటాలు, ప్రకటనలు అవసరం లేదు. సమర్థుడు కానివాడు తన కుటుంబాన్ని పోషించుకొంటూ విద్యను శిష్యునికి అందిస్తే చాలును. విద్యాదానం ఏ దానానికీ తీసిపోదు.

రాబోయే శివరాత్రికి పుణ్యగిరి తీర్థంలోనో, రామనవమికి శృంగవరపుకోట పందిట్లోనో మంగళహారతి పాడి భాగవతారు చిడతలు మూటకట్టుకొనే వేళ, సంఘపెద్దలు శాలువాతో పాటు తమలపాకులలో సంభావన ఉంచి వారి చేతికి అందించాలి. వారు దానిని ఇంటికి తీసుకొని వెళ్లవచ్చు. లేదా అక్కడే హుండీ వైపు నడవవచ్చు. ఆ నిర్ణయం వారిది.

ఇతి శమ్